పొడిగా ఉన్న ఒక్క చోటు

మా ఆయన బండి మీంచి జారి పడి ఇంక ఇంటికి రాడేమోనని నాకు భయం. నాకు చాలా భయాలున్నాయి గానీ అన్నిటికంటే పెద్దది ఇదే. పాప నేల మీద దొరికిందేదో మింగేస్తుందని, పొయ్యి కట్టేయడం మరిచిపోయానని, అలాంటివన్నీ రోజూ వచ్చిపోయే చుట్టాలు. ఇది మాత్రం ఆయన హెల్మెట్ పెట్టుకుని గేటు తీసిన దగ్గర్నుంచి మళ్ళీ గేటు కిర్రుమనేదాకా పొట్టలో కదలకుండా కూర్చుంటుంది. ఇప్పుడూ కూర్చునే ఉంది. భోజనం చేసి చెయ్యి తుడుచుకుంటూ, "వంతెన మలుపు దాకా ఒక రౌండు వేసి వస్తా. ఈసారి నూనె చుక్క కారిందంటే నా పేరు మార్చుకుంటా" అని వెళ్ళాడు. వెళ్ళి ఎంతసేపయిందో నాకు అంతుపట్టడం లేదు. గిన్నెలు కడిగాను, పాప పడుకుని లేచింది, ఆరేసిన బట్టలు ఒకసారి తిరగేశాను. గిన్నెలు ఆయన ఉండగా కడిగానా, వెళ్ళాక కడిగానా? వంతెన దాకా వెళ్ళి రావడానికి ఇంతసేపా? మధ్యలో ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోను వస్తే అటు నుంచి అటే వెళ్ళాడేమో. ఆయన పని అదే, ఆగిపోయిన లిఫ్టుల్లో ఇరుక్కున్న మనుషుల్ని బయటికి తీయడం. బయటపడ్డవాళ్ళు ఆయన చెయ్యి పట్టుకుని వదలరట, కొందరు ఏడుస్తారట. ఇంట్లో ఇరుక్కున్నదాన్ని నన్నెవరు తీస్తారండీ అని ఒకసారి సరదాకి అన్నాను. ఆయన నవ్వలేదు. నేను కూడా సరదాకి అనలేదేమో.

వరండాలో బండి నిలబెట్టే చోట ఒక అట్ట పరిచి ఉంది. పాపను చంకనేసుకుని దాన్నే చూస్తున్నాను. దాని మీద మరకలు ఇంకి నల్లబడ్డాయి, ఒకటి మాత్రం ఇంకా మెరుస్తోంది. ఇది నిన్నటిదా, ఇవాళ్టిదా? నిన్న సాయంత్రం మేస్త్రి బండి తెచ్చి ఇచ్చాక నేను అట్ట మార్చాననే గుర్తు. అత్తయ్య దగ్గర దారపు ఉండల పెట్టె ఖాళీ అయితే అది చింపి పరిచినట్టు గుర్తు. అది నిన్ననేనా, అంతకుముందు తెచ్చి ఇచ్చినప్పుడా? ప్రతిసారీ ఒకేలా జరుగుతుంది మరి, ఏ రోజుని ఏ రోజుతో కలపాలో ఎలా తెలుస్తుంది? బండి వెళ్తుంది, ఇంజను విప్పుతారు, ప్యాకింగ్ మారుస్తారు, తళతళలాడేలా తుడిచి తెస్తారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కిందికి తొంగిచూసి "పొడిగా ఉంది, చూడు" అంటాడు. నేనూ వంగి చూసి "అవునండీ" అంటాను. మర్నాడో ఆ మర్నాడో చుక్క. ఈ మెరిసే దాని మీద వేలు పెట్టి చూశాను. నల్లగా అంటింది. అయితే ఇవాళ్టిదే. కానీ నూనె ఆరేది కాదు కదా, నిన్నటిదైనా అంటుతుంది. పాప నా వేలు పట్టుకుని నోటి దగ్గరికి లాక్కుంటోంది. ఛీ ఛీ అని వెనక్కి లాక్కుంటే అదేదో ఆటనుకుని నవ్వుతోంది.

వెనక గదిలోంచి అత్తయ్య కుట్టు మిషను చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు ఉన్నంతసేపు ఇల్లు మామూలుగా ఉన్నట్టే. బండి మామయ్యగారిది. ఆయన పోయాక కొన్నాళ్ళు దుప్పటి కప్పుకుని ఉండిపోయింది. నేను ఈ ఇంటికి వచ్చాక మా ఆయన దుప్పటి తీసి తుడిచి తన్నగానే ఒక్క తన్నుకే లేచింది, ఆ శబ్దానికి అత్తయ్య మిషను ఆపి తలెత్తి గుమ్మం వైపు చూసింది. ఎవరో వచ్చారనుకుంది. ఆ తర్వాత మళ్ళీ కుట్టుకుంది. ఆ చూపు వల్లే మా ఆయన ఈ బండి అమ్మడు. "పాతదాన్ని ఎందుకు పట్టుకు వేలాడతావు బావా" అని నా తమ్ముడు ఎన్నిసార్లు అన్నా వినిపించుకోడు. పై వాటా ఆవిడ మెట్లు దిగుతూ ఊరికే పోదు. "ఊళ్ళో లిఫ్టులన్నీ మీ ఆయనే బాగుచేస్తాడంటగా, మరి ఇంటి ముందు బండి మూతి తుడవలేకపోతున్నాడేం?" అంటుంది. నాకు కోపం వస్తుంది గానీ నవ్వూ వస్తుంది. బండికి నిజంగానే జలుబు చేసిన పిల్లాడి మొహమే.

మొదట్లో ఇంత లేదు. మొదట్లో కింద వేలాడే సన్నటి రబ్బరు పైపు చివర నుంచి ఎప్పుడో ఒక చుక్క పడేది, అంతే. మేస్త్రి చూసి అదేం ఫరవాలేదన్నాడు. ఆయన్ని అందరూ నట్టు మేస్త్రి అంటారు, పని చేస్తున్నంతసేపు విప్పిన నట్లు పెదాల మధ్య పట్టుకుని వాటి పక్క నుంచే మాట్లాడతాడు. "పాత ఇంజను చెల్లెమ్మా, ఊపిరి తీస్తే కాస్త చెమట పడుతుంది, మనకి పట్టదూ?" అన్నాడు. ఊపిరి అనే అన్నాడా? ఆ రోజు ఆ మాట పట్టించుకోలేదు. అప్పటికి పాప పాకడం మొదలుపెట్టింది. వాన పడుతున్న రోజు, బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి వరండాలో బండి కింద కూర్చుని ఉంది, అరచేతులు నల్లగా, పెదాలు నల్లగా. నేను అరిచిన అరుపుకి పై వాటా ఆవిడ కిందికి వచ్చేసింది. నోరు కడిగాను, పాలు పట్టాను, కక్కింది, మళ్ళీ కడిగాను. ఏమీ కాలేదు పాపకి. నేను మాత్రం వరండా బండల మీద మోకాళ్ళేసుకుని ఆ మరక రుద్దుతూ చాలాసేపు ఏడ్చాను, ఎందుకేడుస్తున్నానో కూడా తెలియకుండా. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది. ఊరుకో అని కూడా అనలేదు. ఈవిడ ఎప్పుడూ ఇంతే, నోట్లో గుండుసూదులున్న మనిషిలా ఉంటుంది అనుకున్నాను. నిజంగానే సగంసేపు ఆవిడ నోట్లో గుండుసూదులు ఉంటాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళు చుక్క పడలేదు. నేల పొడిగా ఉంది. దానంతటదే ఆగిపోయిందన్నారు అందరూ, మేస్త్రి తన గొప్పే అన్నాడు. నేనూ నమ్మాను. అప్పుడు మొదలైంది అసలుది. క్లచ్ కవరు అంచు నుంచి, పైన మూత దగ్గర నుంచి, గేరు లివరు వెనక నుంచి, ఇవాళ ఇక్కడ ఆపితే రేపు అక్కడ. మేస్త్రి ప్యాకింగులు మార్చాడు, సీళ్ళు మార్చాడు, నట్లు ఉమ్మేసి తిట్టుకున్నాడు. మొత్తం బండిలో పొడిగా ఉన్నది ఆ రబ్బరు పైపు మూతి ఒక్కటే. అందుకే దాని వంక ఎవరూ చూడలేదు. కారే చోటే కదా ఎవరైనా వెతికేది.

ఇదంతా నాకు ఇప్పుడు తెలుస్తోందా, ముందే తెలుసా? ఇప్పుడే, ఈ కాసేపట్లోనే తెలిసింది. ఎలా తెలిసిందో వరసగా చెప్పుకోవాలి, లేకపోతే నా తలలో అంతా కలిసిపోతోంది. అట్ట దగ్గర నుంచి లేచి అత్తయ్య గదిలోకి వెళ్ళాను, ఊరికే, ఎవరో ఒకరు మాట్లాడితే బాగుండునని. ఆవిడ మిషనుకి నూనె వేస్తోంది. కొత్త బట్ట మొదలుపెట్టే ముందు వేస్తుంది ఎప్పుడూ. రంధ్రాల్లో ఒక్కో చుక్క వేసి, చక్రం తిప్పి, గుడ్డముక్క ఒకటి మడిచి సూది పక్కనుండే పాదం కింద పెట్టి దింపింది. కారే నూనె అది తాగేస్తుంది, తర్వాత పట్టుబట్ట పెట్టినా మరక పడదు. నేను వచ్చిన కొత్తలో ఆవిడ నాకు చెప్పిన మొదటి పని అదే.

"ఏంటే అమ్మాయ్, మొహం అలా పెట్టావు? మళ్ళీ కారిందా?"

"కారింది అత్తయ్యా. ఇవాళ్టిదో నిన్నటిదో తెలియట్లేదు."

"అయితే నేను పెట్టింది నానిపోయి ఉంటుందిలే. మార్చాలి దాన్ని. ఎప్పుడో పెట్టాను, మళ్ళీ చూడనేలేదు."

"ఏం పెట్టారు?"

"గుడ్డ. కింద వేలాడుతూ రబ్బరు పైపు ఉంటుంది చూడు, దాని మూతిలో. నువ్వారోజు అంతగా ఏడిచావుగా. మిషనుకి పెట్టమా? అలాగే పెట్టా. ఆపిందిగా కొన్నాళ్ళు!"

చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళల్లో చిన్న గర్వం కనిపించింది. ఊపిరి తీస్తే చెమట పడుతుంది అన్న మేస్త్రి మాట ఎక్కడి నుంచో లేచి వచ్చింది. దాని వెనకే బడి వచ్చింది, పదో తరగతి గది, సైన్సు టీచరు బెలూను ఊదుతూ గాలి లోపల నుంచి అన్ని వైపులా ఒకేలా తోస్తుంది అంటూ ఉంది. బలహీనంగా ఉన్న చోట బయటపడుతుంది, మిగతాది రేపు చెప్పుకుందాం అంది. ఆ రేపు నేను వెళ్ళలేదు. మా అమ్మ మంచం పట్టింది, తమ్ముడికి అన్నం ఎవరు వండాలి, అక్కడితో బడి అయిపోయింది. ఆ పాఠంలో మిగతాది ఏమిటో నాకు ఇవాళ్టిదాకా తెలియదు. కానీ కుక్కరు తెలుసు. కుక్కరు విజిలు రంధ్రంలో మెతుకు ఇరుక్కుంటే మూత అంచుల నుంచి బుస్సుమని ఎలా కారుతుందో తెలుసు. పాపం, రబ్బరు వాషరుదేం తప్పు అప్పుడు. ఎన్ని వాషర్లు మార్చితే మాత్రం?

ఆయనకి ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తడు. బండి మీద ఉండగా ఫోను ఎత్తితే పాప మీద ఒట్టే అని దాని తల మీద చెయ్యి వేయించి నేనే ఒట్టు పెట్టించాను. ఒక్క మాటా నిలబెట్టుకోని మనిషి ఈ మాట మాత్రం నిలబెట్టుకుంటున్నాడు. నట్టు మేస్త్రికి చేశాను. పాప చంకలో గింజుకుంటోంది, చెయ్యి ఖాళీ లేక స్పీకరు పెట్టాను, అత్తయ్య గదిలోనే, మిషను పక్కనే. అక్కడే ఎందుకు పెట్టాను? వరండాలోకి వెళ్ళి మాట్లాడొచ్చుగా?

"అన్నా, కింద వేలాడే రబ్బరు పైపు మూసేస్తే ఏమవుతుంది?"

"గాలి పైపా? అది మూసెయ్యడమేంటి చెల్లెమ్మా. ముక్కూ నోరూ నొక్కిపెట్టి మనిషిని మెట్లెక్కమన్నట్టు ఉంటుంది."

"మూసి ఉంది. గుడ్డతో."

అవతల టకటకమని రెండు నట్లు నేల మీద పడ్డ చప్పుడు. "ఓరి నాయనో. ఎవరమ్మా ఆ డాక్టరు? నేను ఇంజను మూడుసార్లు కోసి కుట్టానే!" అని పగలబడి నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది. "మీ ఆయనెక్కడ?"

"అదే బండి మీద వెళ్ళాడు. వంతెన మలుపు దాకా."

"స్పీడుగా పోయే మనిషి కాదులే. కానీ వేడెక్కితే వెనక సీలు తోసేస్తుంది, చైను వెంట నూనె వెనక టైరుకి పడుతుంది. మలుపులో టైరు జారితే..." అని ఆగాడు. "నేను బయల్దేరుతున్నా. అటే వస్తున్నా. నువ్వు గాబరా పడకు."

గాబరా పడకు అంటే ఏం చెయ్యాలి? ఏం చెయ్యాలో చెప్పి గాబరా పడొద్దంటే బాగుండేది. ఫోను పెట్టేసి అత్తయ్య వైపు చూశాను. చక్రం మీద పెట్టిన చెయ్యి చక్రం మీదే ఉంది. తిప్పడం లేదు. పాదం కింద మడిచి పెట్టిన గుడ్డనే చూస్తోంది. ఏదో అనాలి. మీకు తెలియదుగా అత్తయ్యా అనాలా? ఎవరినీ అడక్కుండా ఎందుకు పెట్టారు అనాలా? పాపను ఇంకో చంకలోకి మార్చుకుని గేటు దగ్గరికి వచ్చేశాను. నా వెనక తలుపు చప్పుడయింది. గాలికా, ఆవిడే వేసిందా?

అప్పటి నుంచి గేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. వీధి చివర మలుపు తిరిగే ప్రతి బండీ ముందు ఆయనదే, దగ్గరికి వచ్చేసరికి ఇంకెవరిదో. ఎదురింటి గోడ మీద పిల్లి ఒళ్ళు నాక్కుంటోంది. కోపం ఎవరి మీద రావాలో తేల్చుకోలేకపోతున్నాను. అత్తయ్య మీద తెచ్చుకుందామంటే ఆ రోజు ఏడ్చింది నేను. నా మీద తెచ్చుకుందామంటే పాప పెదాలు నల్లగా కనిపిస్తాయి. మేస్త్రి మీదా? పొడిగా ఉన్న చోటు కూడా చూడాలని ఎవరికి తోస్తుంది? బండి అమ్మని ఆయన మీద తెచ్చుకుందామంటే, ఇప్పుడు ఆయన మీద కోపం తెచ్చుకోవడం చెడ్డదనిపిస్తుంది, అలా అనుకుంటే ఏదైనా జరుగుతుందనిపిస్తుంది. ఊరుకోబెట్టడానికి ఈవిడకి మాటలు రావు అనుకున్నాను ఆ రోజు. గుమ్మంలో నిలబడి చూసి ఊరుకుంది అనుకున్నాను. ఆవిడ ఊరుకోలేదు. లోపలికి వెళ్ళి కత్తెర తీసింది. నేను ఎప్పుడూ ఆవిడ మాట కోసం చూశాను గానీ చెయ్యి వైపు చూడలేదు. పాప నా జుట్టు పీకుతోంది. పీకనీ. ఆ నొప్పి మీద మనసు పెడితే కాసేపు మిగతాది ఆగుతోంది.

చప్పుడు. అదే. పాత మనిషి గొంతు సవరించుకున్నట్టు ఉండే ఆ చప్పుడు నాకు వంద బండ్లలో తెలుస్తుంది. ముందు నట్టు మేస్త్రి స్కూటరు, వెనక మా ఆయన, రెండు కాళ్ళూ నేలకి రాస్తూ, నడక కంటే నెమ్మదిగా. ఎడమ బూటు నల్లగా నూనెలో ముంచినట్టుంది. పడలేదు. చొక్కాకి మట్టి లేదు. పడలేదు. గేటు తీయడం నాకు చేతకాలేదు, గొళ్ళెం అటు లాగాలో ఇటు లాగాలో మరిచిపోయాను, మేస్త్రే తీశాడు.

"మలుపు ఇంకా రాకముందే గేరు మీంచి కాలు జారింది" అన్నాడు ఆయన. "ఎందుకో అనుమానం వచ్చి ఆపేశా. దిగి చూస్తే టైరుకి పట్టింది. తుడుస్తూ కూర్చున్నా, చేతుల నిండా నూనె, ఫోను ఎత్తలేకపోయా. ఏడుస్తావేంటి, వచ్చాగా!"

ఏడుస్తున్నానా? పాప ఏడుస్తోందనుకున్నాను.

మేస్త్రి బండిని వరండాలోకి తెచ్చి స్టాండు వేసి, "పట్టుకో చెల్లెమ్మా, ఈ పైపు పైకి ఎత్తి పట్టుకో, వదలకు" అన్నాడు. పాపను ఒక చంకలో సర్దుకుని రెండో చేత్తో పట్టుకున్నాను. సన్న పటకారుతో మేస్త్రి లాగితే అది వచ్చింది, వేలంత పొడుగున, నల్లగా చుట్టుకుపోయి. దాని వెనకే నూనె నా మోచేతి దాకా కారింది. మేస్త్రి పెట్రోలు డబ్బాలో జాడించి విప్పాడు. నలుపు వదిలిన చోట పసుపు రంగు, దాని మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు. పాప మొదటి గౌను కుట్టగా మిగిలిన గుడ్డ. మడతలు సమంగా ఉన్నాయి. ఊరికే చింపి కుక్కిందని అనుకున్నాను ఇందాక. కాదు. నాలుగు వైపులా అంచు మడిచి సన్నటి కుట్టు వేసి ఉంది. దారం పోగు ఊడి ఇంజనులోకి పోకూడదని.

"ఎవడు చేశాడ్రా ఇది?" అన్నాడు మా ఆయన, చేతిలోకి తీసుకుంటూ. మేస్త్రి నా వంక చూశాడు. గుడ్డ పెట్టింది ఎవరో మేస్త్రికి నేను చెప్పలేదు. "వీధిలో పిల్లలు..." అని మేస్త్రి ఏదో సర్దబోయాడు. నా నోట్లోంచి "పాప ఆ రోజు నోట్లో..." అని వచ్చి అక్కడే ఆగింది. అప్పటికే మా ఆయన బొటనవేలు ఆ కుట్టు మీద నడుస్తోంది. ఆ మిషను కింద ఆడుకుంటూ పెరిగినవాడు, ఆ కుట్టు ఎవరిదో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తలెత్తి గుమ్మం వైపు చూశాడు.

"అమ్మేది?"

"లోపల" అన్నాను. లోపలేనా?

మేస్త్రి బండిని ఒక్క తన్ను తన్నాడు. లేచింది. నా చేతిలోని పైపు మూతి వెచ్చగా ఊదింది, ఊది పీల్చుకుంది, మళ్ళీ ఊదింది, నిద్రపోయే పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినప్పటిలా. "విన్నారా, ఊపిరాడుతోంది!" అని మేస్త్రి సంబరం. ఈ శబ్దం వింటే ఆవిడ తలెత్తి గుమ్మం వైపు చూడాలి. కనీసం మిషను చప్పుడైనా వినిపించాలి. ఇందాకటి నుంచి అది వినిపించలేదు. ఇంజను హోరులో నాకు వినిపించడం లేదా, నిజంగానే ఆగిపోయిందా? నన్ను కదలొద్దంటున్నాడు మేస్త్రి, సీలు చూడాలట, పైపు వదిలితే వేడి సైలెన్సరుకి తగిలి కాలుతుందట. మా ఆయన టైరు పట్టుకుని కూర్చున్నాడు, లేద్దామన్నా లేవలేక, చేతులు మోచేతుల దాకా నూనె. ఇందాకటిదాకా వంతెన వైపు నుంచి వచ్చిన భయం ఇప్పుడు ఇంట్లో నుంచి వస్తోంది. ఇదంతా వింటూ మీరు ఇంతసేపూ నాతోపాటే ఉన్నారు, మీ చేతులకి ఏమీ అంటలేదు. ఒక్కసారి లోపలికి వెళ్ళరా. ముందు గది దాటితే ఎడమ పక్క తలుపు, గట్టిగా తోస్తే వస్తుంది. కొడుకు వచ్చేశాడని చెప్పండి. పడలేదని ముందు చెప్పండి. అత్తయ్య ఏం చేస్తోందో చూసి రండి.